వద్దన్న సాక్షి

కోడలు మూడోరోజు కూడా ముందుగదిలోకి అడుగుపెట్టలేదు.

ఆమె ఫైళ్ళన్నీ గురువారం సాయంత్రమే భోజనాల బల్ల మీదికి చేరాయి. అప్పట్నుంచి ఇంటిల్లిపాదీ వంటింట్లో నిలబడే తింటున్నారు. ఈ ఇంట్లో ఇక తిండికి కూడా వాయిదాలు వేస్తారు కాబోలునని అత్తగారు గిన్నెలతో చెప్పుకుంటోంది. గిన్నెలు తప్ప వినేవాళ్ళు లేరు మరి.

ముందుగదిలో రెండు బల్లలున్నాయి. కిటికీ పక్కది మామగారిది. నలభై ఏళ్ళు ముద్దాయిల తరఫున వాదించి, నాలుగేళ్ళ కిందట కోటు విప్పేసిన మనిషి. తలుపు పక్కది కోడలిది. ఆమె సెషన్స్ కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటరు. బయట అందరికీ పీపీ గారు. ఒక ఒరలో రెండు కత్తులు ఎలా ఇముడుతున్నాయని ఎవరైనా అడిగితే, ఆమె భర్త కాలేజీలో లెక్కలు చెప్పే మనిషి కాబట్టి లెక్కగా జవాబిచ్చేవాడు: పొద్దున ఆరు నుంచి ఎనిమిది ఒక కత్తి, ఎనిమిది నుంచి పది ఇంకో కత్తి.

గురువారం ఆ లెక్క తప్పింది.

ఆ రోజు కోర్టులో కాటా గుమాస్తా అడ్డం తిరిగాడు. చేపల కోల్డ్ స్టోరేజిలో తూకం వేసే మనిషి అతను. రెండేళ్ళ కిందట అక్కడి మేనేజరు, ఎదురు మాట్లాడాడని ఒక హమాలీని కాసేపు చల్లబడమని చెప్పి ఫ్రీజరు గదిలోకి తోసి బయట గడియ వేశాడు. గడియలో ఇనుప చీల దింపితే లోపలి మీట పని చెయ్యదు. చీల దింపాడు. తర్వాత ఫోనొచ్చింది, తర్వాత భోజనానికి వెళ్ళాడు. నాలుగు గంటల తర్వాత తలుపు తీస్తే హమాలీ లేడు, అతని శవం ఉంది. తలుపు దానంతటదే బిగుసుకుందని మేనేజరు వాదన. గడియ వేసి చీల దింపడం చూసినవాళ్ళు ఇద్దరే. ఒకరు కాటా గుమాస్తా, ఇంకొకరు స్వీపరమ్మ.

రెండు నెలల కిందట గుమాస్తా బోనెక్కి చూసింది చూసినట్టు చెప్పాడు. ముద్దాయి లాయరు తన ప్రశ్నలు అప్పుడే అడగకుండా క్రాస్‌కి వాయిదా కోరాడు. జడ్జిగారు ఇచ్చారు. ఆ లాయరే కూర్చోబోతూ, ఆ స్వీపరు చెప్పేదీ ఇదే కదా మేడమ్, ఒకే పాట రెండుసార్లు ఎందుకు అన్నాడు. జడ్జిగారు గోడ గడియారం చూశారు. ఆ పూట పీపీ బల్ల మీద ముప్ఫై రెండు ఫైళ్ళున్నాయి. ఆమె ఒక కాగితం అందుకుని, స్వీపరమ్మని విచారించదలచుకోలేదని రాసి సంతకం పెట్టింది. ఒకటిన్నర లైను.

గురువారం క్రాస్‌లో గుమాస్తా తానేమీ చూడలేదన్నాడు. పోలీసులు చెప్పమన్నది చెప్పానన్నాడు. పీపీ తన సాక్షినే తాను నిలదీసే అనుమతి తీసుకుని అడిగింది. అతను పదకొండుసార్లు గుర్తు లేదన్నాడు.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే మామగారు అడిగింది ఒక్కటే. "మొదటివాడి క్రాస్ కాకముందే రెండో సాక్షిని వదిలేశావా, అమ్మాయ్?"

ఆమె ఫైళ్ళు తీసుకుని లేచింది.

ఆదివారం పొద్దున ముందుగది నుంచి భోజనాల బల్లకీ, బల్ల నుంచి ముందుగదికీ అత్తగారే వార్తలు మోసింది. స్వీపరు పోలీసులకిచ్చిన వాంగ్మూలం కాపీ ఉందా అని ఆయన అడిగితే, ఉందిట అని వెళ్ళి చెప్పింది. ఏం రాస్తున్నావని అడిగితే, సాక్షిని మళ్ళీ పిలిపించమని పిటిషన్‌ట అని చెప్పింది. నాలుగోసారికి నడిమధ్య ఆగిపోయింది.

"పన్నెండు అడుగుల దూరానికి నేను తపాలా బంట్రోతునయ్యాను. నడుం పడిపోతోంది. మీరూ మీరూ ఉత్తరాలు రాసుకోండి."

భర్త కుర్చీ లాక్కుని భార్య పక్కన కూర్చున్నాడు. పిటిషన్‌కి జతపరిచే ప్రమాణపత్రం ఆమె రాస్తోంది. మూడో పేరాలో 'నా పొరపాటు వల్ల' అన్న మాట దగ్గర అతని వేలు ఆగింది.

అతను చెప్పింది కొత్తేమీ కాదు. ఆమె పదవీకాలం నెలాఖరుకి అయిపోతుంది. పొడిగింపు ఫైలు పైఅధికారుల దగ్గర ఉంది. ఈ కాగితం కోర్టులో పడితే ఆ ఫైలులో మొట్టమొదటి పేజీ ఇదే అవుతుంది. కొత్తగా తెలిసిన విషయాల దృష్ట్యా అని రాయొచ్చు కదా, అందరూ రాసేదే కదా అన్నాడు.

"కొత్తగా ఏం తెలిసింది?" అందామె.

అతను కాసేపు ఆలోచించాడు. "నువ్వు పొరపాటు చేశావని."

తన మాటకి తనే నవ్వాడు. ఆమె నవ్వకపోవడం చూసి ఆపేశాడు.

"నువ్వేమన్నా ఆ మనిషిని చంపావా? పోలీసులున్నారు, జడ్జి ఉన్నాడు. అంతా నీ నెత్తినేసుకుంటావేం?"

"పోలీసులు కాగితాలు తెచ్చి పడేస్తారు. జడ్జి తన ఎదుట నిలబడినవాళ్ళ మాటే వింటాడు. ఆయన ఎదుట ఎవరిని నిలబెట్టాలో చెప్పేది నేను. నాకున్న పని అదొక్కటే. ఆ ఒక్కటీ చెయ్యలేదు."

అతను లేచి వెళ్ళి వంటింట్లో నిలబడి టీ తాగాడు.

సోమవారం తొమ్మిదిన్నరకి స్వీపరమ్మ కోర్టుకొచ్చింది. కోర్టు కానిస్టేబులుతో పీపీ ముందురోజే కబురు పెట్టింది. రికార్డు గది వెనక పీపీకి ఇచ్చిన గదిలో తాళం పడని బీరువా ఒకటి, కుర్చీలు రెండు. అందులో ఒకదానికి కాలు లేదు. గోడకి ఆనించి పెట్టారు.

"కూర్చోమ్మా," అని పీపీ తన కుర్చీ చూపించింది.

"పర్లేదమ్మా. కూర్చుంటే మళ్ళీ లేవబుద్ధి కాదు."

స్వీపరమ్మ ఉతికిన చీర కట్టుకుంది. పాదాల మీద సున్నం మరకలున్నాయి. చేపల నీళ్ళు కడిగిన చోట సున్నం జల్లుతారు. ఆ మరక ఎంత కడిగినా పోదు. పీపీ ఆమెకి విషయం చెప్పింది. ఇవాళ ఒక పిటిషన్ వేస్తున్నానని, జడ్జిగారు ఒప్పుకుంటే మళ్ళీ పిలుస్తారని, వచ్చి చూసింది చెప్పాలని.

స్వీపరమ్మ చెంగు చాటు నుంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులోంచి మడత కాగితం తీసి బల్ల మీద పెట్టింది.

"పిలిచేశారు కదమ్మా."

అది సమనే. తేదీ రేపటిది. పైన 'ముద్దాయి తరఫు సాక్షి' అని ఉంది. పీపీ దాన్ని రెండుసార్లు చదివింది. ముద్దాయి లాయరు శుక్రవారమే జాబితా వేశాడు. దాని నకలు పీపీకి వచ్చే కట్టలో ఎక్కడో ఉండే ఉంటుంది. ఆ కట్ట బీరువాలో ఉంది.

ఎలా జరిగిందో స్వీపరమ్మ దాచకుండా చెప్పింది. రెండు నెలల కిందట కోర్టు నుంచి తిన్నగా పనిలోకే వెళ్ళింది. మేనేజరు బెయిలు మీదుండి ఆఫీసుకి వస్తున్నాడు. లోపలికి పిలిచి ఏం చెప్పావని అడిగాడు. ఏం చెప్పలేదయ్యా, నన్ను వద్దన్నారు అంది. కూర్చో అన్నాడు. పదకొండేళ్ళలో ఆయన ఆమెని కూర్చోమనడం అదే మొదలు. తర్వాత లాయరు గారొచ్చి నెమ్మదిగా మాట్లాడారు. సర్కారుకే అక్కర్లేని మాట నీకెందుకమ్మా అన్నారు. కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నారు.

"ఐదుసార్లు వచ్చానమ్మా నేను," అంది. నిష్ఠూరం లేదు ఆ గొంతులో. నిన్న వాన పడిందని చెప్పినట్టు చెప్పింది. "నాలుగుసార్లు వాయిదా అన్నారు. ఐదోసారి మీరు నా పేరున్న కాగితం చూశారు, గడియారం చూశారు. నన్ను చూళ్ళేదు."

పీపీ ఆ రోజు గుర్తు తెచ్చుకోవాలని చూసింది. కాగితం గుర్తొచ్చింది. గడియారం గుర్తొచ్చింది.

"మేనేజరు చీల దింపడం నువ్వు చూశావు కదా?"

"చూశాను."

"రేపు ఏం చెబుతావు?"

"ఆ రోజు నేను పనికే రాలేదని."

"అది అబద్ధం కదమ్మా."

"అబద్ధమే." కాస్త ఆగింది. "సర్కారు వద్దన్న నిజాన్ని నేనేం చేసుకోనమ్మా? ఇంట్లో పెట్టుకుంటే కూడు పెడుతుందా, గుడ్డ పెడుతుందా?"

ఈమె ఇప్పుడు ఎదుటి పక్షం పిలిచిన సాక్షి. ఎదుటి పక్షం సాక్షిని గదికి పిలిచి ఇలా చెప్పు, అలా చెప్పకు అంటే అది పీపీ చెయ్యకూడని పని. ఇంకో నిమిషం మాట్లాడినా తప్పే. పీపీ సమను మడిచి తిరిగి ఇచ్చింది.

"ఇక వెళ్ళమ్మా."

స్వీపరమ్మ కవరు సర్దుకుంటూ తలూపింది. ఆ మాట ఆమెకి కొత్త కాదు.

సాయంత్రం ఐదున్నరకి కోడలు ముందుగదిలోకి వచ్చింది. కిటికీలోంచి ఎండ ఇంకా మామగారి బల్ల మీద పడుతోంది. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని ఆమె కుర్చీ వైపు చూశారు. ఆమె కూర్చోలేదు.

సమను సంగతి చెప్పింది. ఆయన విని, అలవాటు కొద్దీ రెండు వేళ్ళతో బల్ల మీద తట్టారు.

"మంచి ఎత్తు. ఆమెని నువ్వు పిలిస్తే పోలీసులకిచ్చిన వాంగ్మూలం మొహాన పెట్టి అడగొచ్చు. అప్పుడలా చెప్పావు, ఇప్పుడిలా చెబుతున్నావేమని. వాళ్ళు పిలిస్తే ఆ కాగితం నువ్వు ముట్టుకోకూడదు. రూలు అంతే. ముందు గుమాస్తా క్రాస్ ఆపాలి. ఆ సందులో రెండో సాక్షిని నీచేత వదిలించాలి. మొదటివాణ్ణి తిప్పుకోవాలి. నువ్వు రెండో మనిషి కోసం వెతుక్కునేలోపు తామే తెచ్చుకోవాలి." చెబుతుంటే ఆయన గొంతు నాలుగేళ్ళు వెనక్కి వెళ్ళింది. "నాలుగు మెట్లు. ఒక్కటి తప్పినా కుదరదు."

"ఈ ఎత్తు ఎవరిది మావయ్యా?"

వేళ్ళు ఆగాయి.

అత్తగారు టీ గ్లాసులతో గుమ్మంలో నిలబడి ఉంది. వెనకే కొడుకు. ఆవిడ పళ్ళెం కోడలి బల్ల మీద పెట్టి, చేతులు చెంగుకి తుడుచుకుంది.

"ఆయనదే," అంది.

"నువ్వూరుకో," అన్నారు మామగారు.

"నలభై ఏళ్ళు ఊరుకున్నాను." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "చిన్నలాయరు వచ్చాడు. ఆ గుమాస్తా బోనెక్కకముందే, మీరిద్దరూ ఇంట్లో లేని ఆదివారం చూసుకుని వచ్చాడు."

మేనేజరు తరఫున వాదించే లాయరుకి యాభై రెండేళ్ళు. అయినా ఈ ఇంట్లో చిన్నలాయరే. పాతికేళ్ళప్పుడు మామగారి దగ్గర జూనియరుగా చేరి, పన్నెండేళ్ళు ఈ గదిలోనే పని నేర్చుకున్నాడు.

మామగారు కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు. వాడు కేసు పేరు చెప్పలేదన్నారు. ఊరికే, ఒక కేసులో చూసిన సాక్షులు ఇద్దరే ఉంటే ఏం చెయ్యాలి సర్ అని అడిగాడన్నారు. లాయరు లాయర్ని కేసు పేరు అడగడు, అది మర్యాద కాదన్నారు.

"అవతలి పీపీ ఎవరని కూడా అడగలేదా నాన్నా?" అన్నాడు కొడుకు.

"అడగలేదు."

"గడియ వేసిన తలుపు గురించి మాట్లాడుకున్నారు," అంది అత్తగారు. "ఊళ్ళో ఎన్ని తలుపులకి గడియ వేసి మనుషుల్ని చంపారో నాకు తెలీదు. నాకు తెలిసింది ఒక్కటే. ఆయనకీ ఒక్కటే తెలుసు."

మామగారు ఆ మాట కాదనలేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. ఎవరికి చెబుతున్నారో తెలియనట్టు మాట్లాడారు. నాలుగేళ్ళలో ఈ గదిలోకి సలహా కోసం ఒక్క మనిషి రాలేదన్నారు. పెళ్ళి శుభలేఖలిచ్చేవాళ్ళు, చందాలకొచ్చేవాళ్ళు తప్ప. వాడొచ్చి ఎదురుగా కూర్చుని, చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాడన్నారు.

"నేనూ ఈ గదిలోనే ఉన్నాను కదా మావయ్యా," అంది కోడలు. "ఆ నాలుగేళ్ళూ."

"నువ్వు ఎప్పుడూ ఏమీ అడగలేదమ్మా."

ఆమె తన కుర్చీ వీపు పట్టుకుంది. అడగకపోవడం నిజమే. అడిగితే ఎదుటి పక్షం వాడి దగ్గర పాఠం నేర్చుకున్నట్టవుతుందని అనుకుంది. అలా అనుకోవడం మర్యాద అనుకుంది.

మామగారు సొరుగు లాగి కాగితం తీశారు. కలం మూత విప్పారు. దీనికి విరుగుడుందన్నారు. కోల్డ్ స్టోరేజి హాజరు పుస్తకం పోలీసులు స్వాధీనం చేసుకున్నారు, అది కోర్టు రికార్డులో ఉంది. ఆ తేదీన స్వీపరు వేలిముద్ర అందులో ఉండి తీరుతుంది. ఆ పుస్తకాన్ని ముట్టుకోవద్దని ఏ రూలూ లేదు. మాట్లాడుతూనే ఆయన ప్రశ్నలు రాశారు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"నాలుగో ప్రశ్నకి ఆమె విరిగిపోతుంది," అని కాగితం ఇటు తిప్పి జరిపారు.

"విరిగితే?"

"అబద్ధపు సాక్ష్యం చెప్పినందుకు ఆమె మీద కేసు."

"మేనేజరు?"

ఆయన కలం మూత పెట్టారు. "గడియ వేశాడని చెప్పే మనిషి రికార్డులో లేరు కదమ్మా. ఇంటికెళతాడు. కానీ పీపీ తన పని తాను చేసిందని రికార్డులో ఉంటుంది. రేపు ఎవడూ నిన్ను వేలెత్తి చూపలేడు."

"అదే మంచిది," అన్నాడు భర్త గుమ్మంలోంచి. "ఆ పొరపాటు కాగితం ఎందుకింక? ఇది చాలు."

"ఎవరికి చాలు?" అందామె.

భర్త తన తండ్రి వైపు చూశాడు. ఆయన కొడుకు వైపు చూశారు. ఈ నాలుగు రోజుల్లో వాళ్ళిద్దరూ ఒక్కమాట మీద నిలబడింది ఇదే మొదటిసారి.

ఆమె ప్రశ్నల కాగితం తీసుకుంది. భోజనాల బల్ల దగ్గరికి వెళ్ళి, ప్రమాణపత్రం పక్కనే అదీ పెట్టి, ఫైలు కట్టేసింది. ఆ సాయంత్రం టీ ఎవరూ తాగలేదు.

మంగళవారం పదకొండున్నరకి స్వీపరమ్మ బోనెక్కింది. వెనక బెంచీలో, ప్రతి వాయిదాకీ కూర్చునే చోటే, చనిపోయిన హమాలీ భార్య కూర్చుని ఉంది. మేనేజరు తెల్ల చొక్కా వేసుకుని ముద్దాయి చోట నిలబడ్డాడు.

చిన్నలాయరు పని మూడు నిమిషాల్లో ముగిసింది. ఆ రోజు పనికొచ్చావా అంటే రాలేదండి అంది. ఏమైనా చూశావా అంటే రాకుండా ఎలా చూస్తానండి అంది. బెంచీల్లో ఎవరో చిన్నగా నవ్వారు.

పీపీ లేచింది. హాజరు పుస్తకం చూపించమని అడిగింది. క్లర్కు దాన్ని స్వీపరమ్మ ముందు పెట్టాడు.

"ఈ వేలిముద్ర నీదేనా?"

"నాదేనమ్మా."

"ఇది ఆ రోజుదే. మరి పనికి రాలేదన్నావు."

"అన్నాను."

జడ్జిగారు పెన్ను కింద పెట్టారు. పొద్దుట్నుంచి ఆయన తలెత్తడం అదే మొదలు. బోనులో అబద్ధం చెబితే కేసు పెడతారని, జైలు కూడా పడొచ్చని తెలుసా అని అడిగారు.

"తెలీదయ్యా," అంది స్వీపరమ్మ. "ఎవరూ చెప్పలేదు."

ఆమె చిన్నలాయరు వైపు చూసింది. ఆయన ఫైలు చదువుకుంటున్నాడు. మేనేజరు వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. చివరికి ఆమె రెండు చేతులూ బోను చెక్క మీద పెట్టి, పీపీ ఏం అడుగుతుందోనని చూస్తూ నిలబడింది.

పీపీ చేతిలో మామగారి దస్తూరీతో ఇంకా రెండు ప్రశ్నలున్నాయి. మూడోది, ఆ రోజు పనికొచ్చి కూడా రాలేదని చెప్పమని నీకు ఎవరు చెప్పారని. నాలుగోది, ఎవరూ చెప్పకపోతే నువ్వే అబద్ధం కల్పించావా అని. మూడోదానికి స్వీపరమ్మ ఎవరి పేరూ చెప్పదు. రేపు మళ్ళీ పనికి వెళ్ళాల్సింది ఆ మేనేజరు దగ్గరికే. కాబట్టి నాలుగో దాంట్లో పడుతుంది. అడకత్తెరలో పోకచెక్క ఎలా తెగాలో మామగారికి బాగా తెలుసు.

పీపీ ఆ కాగితం ఫైలులో పెట్టేసింది. జవాబు తెలియని ప్రశ్న క్రాస్‌లో అడగకూడదని లాయరైన ప్రతివాడూ మొదటి ఏడాదే నేర్చుకుంటాడు.

"రెండు నెలల కిందట నేను నిన్ను ఇదే బోనులోకి పిలిచి ఉంటే ఏం చెప్పేదానివమ్మా?"

చిన్నలాయరు లేచాడు. అభ్యంతరం అన్నాడు, జరగని దాని గురించి ప్రశ్న ఏమిటన్నాడు. జడ్జిగారు ఇంకా ఏమీ అనకముందే స్వీపరమ్మ జవాబు చెప్పేసింది.

"అప్పుడైతే జరిగింది చెప్పేదాన్నమ్మా. ఇప్పుడు వీళ్ళు పిలిస్తే వచ్చాను. పిలిచినవాళ్ళ మాట చెప్పాలి కదా."

టైపిస్టు వేళ్ళు ఆగిపోయాయి. ఇది రాయాలా వద్దా అని జడ్జిగారి వైపు చూశాడు. జడ్జిగారు పీపీ వైపు చూశారు.

పీపీ పిటిషన్ తీసి క్లర్కు చేతికిచ్చింది. ఈ మనిషిని ఏ పక్షం సాక్షిగానూ కాకుండా కోర్టే తన సాక్షిగా మళ్ళీ పిలిచి విచారించాలని అందులో ఉంది. జతపరిచిన ప్రమాణపత్రంలో మూడో పేరా ఆదివారం ఎలా ఉందో అలానే ఉంది.

జడ్జిగారు చదివారు. మళ్ళీ వెనక్కి వెళ్ళి మూడో పేరా చదివారు.

"ప్రమాణం చేసి రాశారా ఇది?"

"అవును సర్."

"మీ పొరపాటని."

"అవును సర్."

చిన్నలాయరు నకలు చదివి, ఈసారి గొంతు పెంచకుండా మాట్లాడాడు. పీపీ గారంటే తనకెంతో గౌరవం, వాళ్ళింటి ఉప్పు తిన్నవాణ్ణి అన్నాడు. కానీ ఒక విషయం జరిగిందని ప్రమాణం చేసి చెప్పిన మనిషి ఆ విషయంలో సాక్షి అవుతారు. సాక్షి అయిన మనిషి అదే కేసు నడపకూడదు. అంతకు మించి తనకేమీ అభ్యంతరం లేదని కూర్చున్నాడు.

జడ్జిగారు నుదురు రుద్దుకున్నారు. ఆ మాట చట్టప్రకారం సరైనదేనని ఆయన మొహంలో పీపీకి కనిపించింది. భోజనం వేళ దాటాక చెప్పమన్నారు ఆమెని. పిటిషన్ కావాలంటే ఈ కేసు నుంచి తప్పుకోవాలి. తర్వాతి సంగతి కొత్తగా వచ్చే పీపీ చూసుకుంటారు. కాదంటే పిటిషన్ వెనక్కి తీసుకుని, మిగిలిన ప్రశ్నలు అడిగి ఇవాళే ముగించాలి.

"ఆలోచించుకోండి," అన్నారు. ఆయన మంచిగానే అన్నారు.

వరండాలో పీపీ బెంచీ మీద కూర్చుంది. పక్క కోర్టు పీపీ పోస్టు ఎనిమిది నెలలుగా ఖాళీ. ఇన్‌చార్జి ఒకాయన నాలుగు కోర్టులు తిరుగుతున్నాడు. ఏ రోజు ఏ కోర్టులో ఉంటాడో ఆయనకే తెలీదు. తను తప్పుకుంటే ఈ కేసుకీ అదే గతి. మేనేజరు బెయిలు మీద ఎన్నేళ్ళయినా ఆగగలడు. హమాలీ భార్య దూరంగా స్తంభానికి ఆనుకుని ఇటే చూస్తోంది. ఏం జరిగిందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది పీపీయే.

స్వీపరమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. తను ఈమెతో మాట్లాడకూడదని పీపీకి తెలుసు. లేచి వెళ్ళిపోవాలనీ తెలుసు.

"నన్ను జైల్లో పెడతారా అమ్మా?"

"ఇవాళ్టికి పెట్టరు."

"ఆ కాగితం దేనికిచ్చారు? నన్ను మళ్ళీ పిలవమనా?"

"అవును."

స్వీపరమ్మ ఆలోచించింది. "మళ్ళీ పిలిస్తే చెప్పొచ్చేమో," అంది నెమ్మదిగా, తనకి తనే చెప్పుకుంటున్నట్టు. "వాళ్ళూ కాక, మీరూ కాక, జడ్జిగారే పిలిస్తే వేరు కదా." తర్వాత తలెత్తింది. "అప్పుడు నన్ను అడిగేది మీరేగా?"

"నేను కాదు. నా చోటికి ఇంకొకరొస్తారు."

"ఎవరమ్మా?"

"ఇంకా ఎవరూ లేరు."

స్వీపరమ్మకి అది అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

"మరి అడిగే మనిషే లేకపోతే నేనెవరికి చెప్పను?"

భోజనం వేళ దాటింది, లోపల జవాను కేసు నంబరు పిలిచాడు. జవాబు రాకపోయేసరికి గుమ్మం బయటికొచ్చి మళ్ళీ పిలిచాడు. పీపీ ఇంకా బెంచీ మీదే ఉంది.